ఆకు లేని మొక్కకు అన్నం పెడుతున్నది ఎవరు?

ఇంటర్మీడియెట్‌లో వృక్షశాస్త్రం చదివిన వాళ్ళకు పూతికాహార మొక్కల పాఠం గుర్తుండే ఉంటుంది. మోనోట్రోపా, నియోషియా అనే రెండు పేర్లు ఆ పాఠంలో తప్పకుండా వచ్చేవి. పత్రహరితం లేని ఈ మొక్కలు కుళ్ళిన ఆకుల నుంచి, చచ్చిన కట్టె నుంచి నేరుగా ఆహారం పీల్చుకుంటాయని చదివాం, పరీక్షలో అదే రాశాం, మార్కులూ తెచ్చుకున్నాం. ఆ మాట తప్పు. రాలిన ఆకును, ఎండిన కొమ్మను తనంతట తానే కుళ్ళబెట్టి తినగలిగిన పూల మొక్క ఇంతవరకూ ఒక్కటీ కనబడలేదు. కట్టెను కరిగించే ఎంజైములు శిలీంధ్రాల దగ్గర ఉన్నాయి. మోనోట్రోపా దగ్గర ఉన్నది ఒక రకం శిలీంధ్రంతో పొత్తు మాత్రమే.

ఈ తప్పును సరిదిద్దుకోవడం ఎందుకంత అవసరమంటే, అసలు సంగతి పాఠంలో ఉన్నదానికంటే ఎంతో లోతైనది. ఆకు లేని ఈ మొక్కలు అడవి నేల కింద ఎవరు ఎవరికి ఏమిస్తున్నారో బయటపెడతాయి. పచ్చటి మొక్కలను చూసి ఆ లెక్క కట్టడం కష్టం. వాటికి ఎండ నుంచి ఎంత వస్తోందో, నేల నుంచి ఎంత వస్తోందో విడదీయడానికి బాగా శ్రమపడాలి. ఎండతో పనే లేని మొక్క విషయంలో ఆ చిక్కు లేదు. దాని ఒంట్లో ఉన్న ప్రతి కార్బన్ పరమాణువూ కింద నుంచే వచ్చింది.

మోనోట్రోపా యూనిఫ్లోరా హిమాలయ అడవుల్లో, మన ఈశాన్య రాష్ట్రాల్లో, చైనా, జపాన్‌లలో, ఉత్తర అమెరికాలో పెరుగుతుంది. జానెడు ఎత్తు. కాడ తెలుపు, ఆకుల స్థానంలో కాడకు అంటుకుని ఉండే పొలుసులు తెలుపు, తలవంచుకుని ఉండే ఒకే ఒక్క పువ్వూ తెలుపే. కాయ కట్టాక ఆ తల నిటారుగా లేస్తుంది. తెంపి చేతిలో పట్టుకుంటే కాసేపటికే నల్లబడిపోతుంది. చూస్తే పుట్టగొడుగనిపిస్తుంది కానీ, ఇది తుమ్మెదలు వాలే అసలు సిసలు పూల మొక్క. రోడోడెండ్రాన్‌లు, బ్లూబెర్రీలు ఉన్న కుటుంబంలోదే. నేలను జాగ్రత్తగా తవ్వి చూస్తే పొట్టి వేళ్ళు గుత్తిగా అల్లుకుని ఉంటాయి. ప్రతి వేరు చుట్టూ శిలీంధ్రపు పొర తొడుగులా కప్పి ఉంటుంది. ఆ తొడుగు లోపలి వైపు నుంచి సన్నటి మేకుల్లాంటి మొనలు వేరు పై పొరలోని కణాల్లోకి దిగి ఉంటాయి.

1880ల మొదట్లో పోలండ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిషెక్ కామియెన్‌స్కీ దీని బంధువైన మోనోట్రోపా హైపోపిటిస్ వేళ్ళను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఈ తొడుగునే గమనించాడు. ఆయన వేసిన ప్రశ్న సూటిగా ఉంది: వేరు ఎక్కడా నేరుగా మట్టిని తాకడం లేదు, మరి మొక్కకు కావలసింది ఏ దారిన లోపలికి వస్తోంది? శిలీంధ్రం గుండా తప్ప వేరే దారి లేదని ఆయన తేల్చాడు. అలాంటి తొడుగే పక్కనున్న చెట్ల వేళ్ళ మీదా ఉందని కూడా గుర్తించాడు. ఆ తర్వాత 1885లో జర్మనీకి చెందిన ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్, వేరూ శిలీంధ్రమూ కలిసిన ఆ జంట అవయవానికి మైకోరైజా అని పేరు పెట్టాడు. ట్రఫుల్ అనే, నేల కింద కాసే ఖరీదైన శిలీంధ్రాన్ని సాగు చేయవచ్చేమో చూడమని ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. ట్రఫుల్ సాగు మాట అటుంచి, అడవి చెట్ల వేళ్ళన్నీ శిలీంధ్రంతో కప్పి ఉన్నాయన్న సంగతి బయటపడింది.

రుజువు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1960లో స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ బ్యోర్క్‌మన్ స్ప్రూస్, పైన్ చెట్ల బెరడు కింద ఆహారం ప్రవహించే కణజాలంలోకి రేడియోధార్మిక కార్బన్-14 ఉన్న గ్లూకోజ్ ఎక్కించాడు. కొన్ని రోజులకు ఆ చెట్ల పక్కన పెరుగుతున్న మోనోట్రోపా హైపోపిటిస్ మొక్కలను పరీక్షిస్తే, వాటిలో ఆ కార్బన్ కనబడింది. చెట్టుకు ఎక్కించిన చక్కెర, చెట్టును ఎక్కడా తాకని మరో మొక్క ఒంట్లోకి చేరింది. మరో ప్రయోగంలో ఆయన కొన్ని మొక్కల చుట్టూ నేలలోకి లోహపు రేకులు దించి చెట్ల వేళ్ళతో సంబంధం తెంచేశాడు. కుళ్ళిన ఆకులు ఆ రేకుల లోపలా కావలసినన్ని ఉన్నాయి. మొక్కలు మాత్రం కుంగిపోయాయి. పూతికాహారం అన్న సిద్ధాంతానికి ఆ రేకులే జవాబు. ఆకులు కుళ్ళడమే దీని తిండి అయితే చెట్టుతో సంబంధం తెగినా బతకాలి కదా. ఇన్ని దశాబ్దాలు గడిచినా పాత వాక్యం పాఠ్యపుస్తకాల్లో కొనసాగడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అయితే చెట్టు తన చక్కెరను శిలీంధ్రానికి ఎందుకిస్తోంది? మైకోరైజా అసలు పని తెలిస్తే తప్ప ఈ దొంగతనం అర్థం కాదు.

మొక్కకు భాస్వరం కావాలి. నేలలో భాస్వరం ఉంటుంది కానీ కదలదు. ఇనుముకో, అల్యూమినియానికో, సున్నానికో అంటుకుని కూర్చుంటుంది. నత్రజనిలా నీటితో పాటు వేరు దగ్గరికి నడిచి రాదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగేసుకున్నాక అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని దాటి పోవాలంటే కొత్త వేరు పెంచాలి. అది ఖర్చుతో కూడిన పని. శిలీంధ్ర తంతువు మందం ఒక మిల్లీమీటరులో వందో వంతుకు మించదు, చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు. వేరు దూరలేని మట్టి సందుల్లోకి అది దూరి, ఖాళీని దాటి సెంటీమీటర్ల కొద్దీ పాకి, భాస్వరాన్ని, జింకును, కొంత నత్రజనిని పట్టుకొస్తుంది. బదులుగా మొక్క తాను ఎండలో తయారు చేసుకున్న ఆహారంలో 4 నుంచి 20 శాతం వరకు దానికి ఇస్తుంది.

మన పొలాల్లో, తోటల్లో ఎక్కువగా ఉండేది ఆర్బస్క్యులర్ రకం మైకోరైజా. జొన్న, మొక్కజొన్న, కంది, వేరుశనగ, పత్తి, మిరప, టమాటా, మామిడి అన్నీ దీనితో పొత్తు పెట్టుకున్నవే. భూమి మీది మొక్క జాతుల్లో 70 శాతానికి పైగా ఈ కోవలోవే. ఈ రకంలో తంతువు వేరు కణం గోడను దాటి లోపలికి వెళ్ళి, అక్కడ కొమ్మలు రెమ్మలుగా చీలిపోతుంది. ఆ పొదలాంటి నిర్మాణం కొద్ది రోజులే ఉంటుంది. తర్వాత మొక్క దాన్ని కరిగించేస్తుంది, పక్క కణంలో మరొకటి మొలుస్తుంది. స్కాట్లాండ్‌లోని రైనీ గ్రామం దగ్గర దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాల్లో, ఇంకా సరైన వేళ్ళు కూడా లేని తొలి నేల మొక్కల కణాల్లో ఇలాంటి నిర్మాణాలే కనిపించాయి. అంటే వేరు పుట్టకముందే ఈ పొత్తు పుట్టింది. నేల మీదికి వచ్చిన మొక్కలు శిలీంధ్రం సాయంతోనే నిలదొక్కుకున్నాయని చాలామంది శాస్త్రవేత్తలు నమ్మడానికి ఇదొక బలమైన ఆధారం.

ఈ శిలీంధ్రాలు కూడా మొక్క మీద పూర్తిగా ఆధారపడ్డాయి. కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకునే శక్తిని ఇవి పోగొట్టుకున్నాయని, మొక్క వీటికి చక్కెరతో పాటు కొవ్వునూ ఇస్తోందని 2017లో వెలువడిన పరిశోధనలు చూపించాయి. రైతులు వామ్ అని పిలిచే జీవన ఎరువు ఈ శిలీంధ్రమే. రైజోబియం, అజోస్పిరిల్లం లాంటి బ్యాక్టీరియా ఎరువుల్లా దీన్ని ట్యాంకుల్లో చక్కెర నీళ్ళు పోసి పెంచడం కుదరదు. బతికున్న వేరు కావాలి. అందుకే కుండీల్లో జొన్ననో మొక్కజొన్ననో పెంచి, ఆ వేళ్ళు, మట్టి కలిపి తయారు చేస్తారు. దీన్ని నారుమడిలోనో విత్తనం దగ్గరో, వేరుకు తగిలేలా వేయాలి. ఆకుల మీద చల్లితే ప్రయోజనం సున్నా. డీఏపీ దండిగా వేసిన పొలంలోనూ పెద్దగా ఫలితం రాదు. భాస్వరం ఎదురుగా ఉన్నప్పుడు శిలీంధ్రాన్ని పోషించే ఖర్చును మొక్క తగ్గించుకుంటుంది. ఆవాలు, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, తోటకూర, పాలకూర, బీట్‌రూట్ లాంటి వాటికైతే ఈ పొత్తే లేదు. వాటికి వామ్ వేయమని ఎవరైనా చెబితే ఆ డబ్బు దండగ.

అడవిలో మరో రకం ఉంది. సాల వృక్షం, పైన్, ఓక్, యూకలిప్టస్ వేళ్ళను శిలీంధ్రం బయటి నుంచి తొడుగులా కప్పుతుంది, కణాల మధ్య సందుల్లో అల్లుకుంటుంది కానీ కణంలోకి దిగదు. మనం చూసే అడవి పుట్టగొడుగుల్లో చాలా భాగం ఈ శిలీంధ్రాలు కాసిన కాయలే. తొలకరి వానలకు బస్తర్ సాల అడవుల్లో దొరికే బోడా అనే పుట్టగొడుగును సంతల్లో మంచి ధరకు కొంటారు. గడ్డి మీదో రంపపు పొట్టు మీదో దాన్ని పెంచలేరు, ఎందుకంటే దాని తిండి సాల వేరులో ఉంది. ఈ బంధం ఎంత గట్టిదో విదేశాల్లో పైన్ నాటబోయిన వాళ్ళకు తెలిసొచ్చింది. పోర్టోరికోలో పైన్ నారు ఎన్నిసార్లు వేసినా పసుపు రంగుకు తిరిగి గిడసబారిపోయేది. అమెరికాలోని పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకే మొక్కలు ఎదిగాయి.

ఇప్పుడు మోనోట్రోపా దగ్గరికి వద్దాం. అది చేసేది, స్తంభం మీది కరెంటు తీగకు కొక్కెం వేసి వాడుకోవడం లాంటిది. కరెంటు తయారు చేసేది చెట్టు, మోసేది రస్సులా జాతి శిలీంధ్రం, వాడుకునేది మోనోట్రోపా. శిలీంధ్రం చెట్టుకు భాస్వరం ఇచ్చి చక్కెర తీసుకుంటుంది. అందులో కొంత మోనోట్రోపా లాగేస్తుంది. అది శిలీంధ్రానికి తిరిగి ఇస్తున్నది ఏమీ కనబడలేదు. ఇలా పూర్తిగా శిలీంధ్రం మీద బతికే, పత్రహరితం లేని మొక్కల జాతులు ప్రపంచంలో 500కు పైగా ఉన్నాయి. ఇవన్నీ ఒకే కుటుంబంలోవి కావు. పరిణామంలో ఈ దారి పదులసార్లు విడివిడిగా తెరుచుకుంది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది అదే. 2011లో టోబీ కియర్స్ బృందం చేసిన ప్రయోగాల్లో, ఎక్కువ భాస్వరం ఇచ్చే శిలీంధ్రానికి మొక్క ఎక్కువ చక్కెర ఇస్తుందని, శిలీంధ్రం కూడా ఎక్కువ చక్కెర ఇచ్చే వేరుకే ఎక్కువ భాస్వరం చేరవేస్తుందని తేలింది. ఇరు పక్షాలూ లెక్క చూసుకుంటున్నాయి. అలాంటప్పుడు ఏమీ ఇవ్వని మోనోట్రోపాను శిలీంధ్రం ఎందుకు వదిలించుకోవడం లేదు? ఒక వివరణ ఏమిటంటే, ఈ మొక్కలు శిలీంధ్రం విషయంలో విపరీతమైన పట్టింపు చూపుతాయి. మోనోట్రోపా యూనిఫ్లోరా రస్సులా కుటుంబాన్ని తప్ప వేరే దేన్నీ దగ్గరికి రానివ్వదు. దాని బంధువైన సార్కోడిస్ అనే మొక్క, రైజోపోగాన్ అనే శిలీంధ్రపు జాతులనే పట్టుకుంటుంది. పచ్చని చెట్లు పదుల రకాలతో పొత్తు పెట్టుకోగలిగితే, ఈ దొంగలు ఒక్కో రకం తాళాన్ని తీయడంలోనే ఆరితేరాయి. మోసపోతున్నట్టు శిలీంధ్రానికి తెలియనంతగా దాని గుట్టు పట్టేశాయన్నమాట. వీటి వాడకం శిలీంధ్రం మొత్తం ఆదాయంలో చాలా చిన్న వాటా కాబట్టి వదిలించుకోవాలన్న ఒత్తిడే ఏర్పడలేదన్నది మరో వాదన. రెండూ నిజమే కావచ్చు, చర్చ ఇంకా ముగియలేదు.

ప్రకాశం, నెల్లూరు వైపు పొగాకు రైతులకు ఇక్కడ పొగాకు మల్లె గుర్తుకు రావచ్చు. అదీ పత్రహరితం లేనిదే, అదీ ఆకులు లేకుండా నేలలోంచి కాడలా లేచి పూసేదే. కానీ రెంటి దారీ వేరు. పొగాకు మల్లె మధ్యవర్తి లేకుండా నేరుగా పొగాకు వేరులోకి గొట్టం దించి పీల్చుకుంటుంది. మామిడి కొమ్మల మీది బదనిక, కంచెల మీద అల్లుకునే బంగారు తీగ కూడా అంతే, నేరుగా ఆశ్రయమిచ్చిన మొక్కను తొలుస్తాయి. మోనోట్రోపా చెట్టు వేరును ముట్టుకోదు.

అయినా ఈ రెండు కథలూ ఒక చోట కలుస్తాయి. జొన్న మీద పడే స్ట్రైగా, పొగాకు మల్లె కోవకు చెందిన కలుపు మొక్కల గింజలు ధూళిలా సన్నగా ఉండి, ఏళ్ళ తరబడి నేలలో నిద్రపోతాయి. దగ్గరలో ఆశ్రయమిచ్చే వేరు ఉందని వాసన తగిలితేనే మొలుస్తాయి. ఆ వాసన ఏమిటో 1966లో పత్తి వేళ్ళ నుంచి వేరు చేశారు. స్ట్రైగాను మేల్కొలిపే పదార్థం కనుక దానికి స్ట్రైగాల్ అని పేరు పెట్టారు. తన శత్రువును నిద్ర లేపే రసాయనాన్ని మొక్క ఎందుకు విడుదల చేస్తుంది? ఈ ప్రశ్నకు దాదాపు నలభై ఏళ్ళు సమాధానం రాలేదు. 2005లో జపాన్ శాస్త్రవేత్త కోహ్కి అకియామా బృందం ఆ ముడి విప్పింది. ఆ కోవ రసాయనం తగలగానే ఆర్బస్క్యులర్ శిలీంధ్రపు తంతువు విపరీతంగా కొమ్మలు వేస్తుంది. అంటే అది భాస్వరం చాలక మొక్క శిలీంధ్రానికి పంపుతున్న పిలుపు. ఆ పిలుపును చాటుగా విని దొంగలు లేస్తున్నారు. భాస్వరం తక్కువైన కొద్దీ మొక్క ఈ పిలుపును పెంచుతుంది. ఆఫ్రికాలో నిస్సారమైన నేలల్లో స్ట్రైగా బెడద ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి శిలీంధ్రం మీద బతకడం ఎక్కడో కొన్ని వింత మొక్కల వ్యవహారమని అనిపించవచ్చు. ఆర్కిడ్లను చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ప్రపంచంలో సుమారు 28,000 ఆర్కిడ్ జాతులున్నాయి. వాటిలో దాదాపు ప్రతిదీ తన బాల్యాన్ని మోనోట్రోపాలాగే గడుపుతుంది. మన మామిడి, చింత చెట్ల మీద కనబడే వాండా ఆర్కిడ్ కాయ ఎండి పగిలినప్పుడు చేతిలోకి దులిపి చూడండి. పసుపుపచ్చని పొడి రాలుతుంది. ఆ పొడిలోని ప్రతి నలుసూ ఒక విత్తనం. వడ్లగింజలోనో కొబ్బరికాయలోనో పిల్ల మొక్క కోసం తల్లి దాచిన తిండి ఉంటుంది. ఆర్కిడ్ విత్తనంలో అది లేదు. సన్నటి పొర సంచిలో కొన్ని కణాల పిండం, అంతే. కొన్ని జాతుల్లో ఒక్క కాయలో లక్షల విత్తనాలుంటాయి. తల్లి వాటికి దారిబత్తెం కట్టలేదు. పడిన చోట సరైన శిలీంధ్రం దొరికిందా, బతుకుతాయి, లేదా పోతాయి.

దీన్ని కనిపెట్టింది నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి యువకుడు. 1899 వసంతంలో, నిర్బంధ సైనిక సేవలో ఉన్న రోజుల్లో, అడవిలో ఆకుల కింద పూడిపోయిన నియోషియా (పాఠంలోని ఆ రెండో మొక్క, ఇదీ ఆర్కిడే) కాడ ఒకటి ఆయనకు దొరికింది. ఆ కాడ మీది కాయలు పగలకుండానే లోపల విత్తనాలు మొలకెత్తి ఉన్నాయి. అప్పటిదాకా ఆర్కిడ్ మొలకను పట్టుకోవడం తోటమాలులకు గగనంగా ఉండేది. బెర్నార్డ్ ఆ మొలకలను కోసి చూస్తే ప్రతి దానిలోనూ శిలీంధ్రం ఉంది. శిలీంధ్రం లోపలికి వస్తేనే మొలక ఎదుగుతుందని ఆయన తర్వాతి ఏళ్ళలో ప్రయోగశాలలో రుజువు చేశాడు. 36 ఏళ్ళకే, 1911లో కన్నుమూశాడు.

శిలీంధ్రం ఆర్కిడ్ పిండంలోకి వచ్చి ఏం చేస్తుందన్నది చూడదగ్గ దృశ్యం. తంతువు కణంలోకి దూరి దారపు ఉండలా చుట్టలు చుట్టుకుంటుంది. కొన్ని రోజులకు ఆ చుట్ట కుదించుకుపోయి గోధుమరంగు ముద్దవుతుంది. ఆర్కిడ్ దాన్ని జీర్ణం చేసుకుంది. కాసేపటికి అదే కణంలోకి మరో తంతువు వస్తుంది. శిలీంధ్రం మొక్క మీద దాడి చేయడానికి వచ్చిందా, మొక్క దాన్ని వలేసి పిలిచిందా అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పడం కష్టం. ఈ దశలో మొలక ఆకుపచ్చగా ఉండాల్సిన పని లేదు. కొన్ని జాతులు ఇలా నేల కిందే నెలలు, కొన్నిసార్లు ఏళ్ళు గడిపి, బలం పుంజుకున్నాక మొదటి ఆకు వేస్తాయి.

1922లో అమెరికా కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ నడ్సన్ ఒక దగ్గరి దారి కనిపెట్టాడు. శిలీంధ్రం అందించేది ముఖ్యంగా చక్కెరే అయితే, ఆ చక్కెర మనమే ఇద్దామని సీసాలో అగర్ అనే జిగురు పదార్థంలో చక్కెర, లవణాలు కలిపి విత్తనాలు చల్లాడు. మొలిచాయి. ఈ రోజు హైదరాబాద్ నర్సరీల్లో కుండీలో దొరికే ఫెలనాప్సిస్, డెండ్రోబియం పూల వెనక ఉన్నది ఆ సీసాల పద్ధతే. అయితే సీసాలో పెరిగిన ఆర్కిడ్‌ను తీసుకెళ్ళి అడవిలో నాటితే, అక్కడ దాని శిలీంధ్రం లేకపోతే, అది తన విత్తనాలతో సంతానాన్ని నిలబెట్టుకోలేదు.

పెద్దయ్యాక ఆకుపచ్చబడిన ఆర్కిడ్లయినా ఈ అలవాటు మానేస్తాయా? 2003లో జర్మనీలోని బైరూత్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్హార్డ్ గెబావర్, ఆయన సహచరుడు మేయర్ దీన్ని పరమాణువుల బరువుతో పట్టుకున్నారు. బరువైన నత్రజని-15, కార్బన్-13 పరమాణువులు మామూలు పచ్చని మొక్కల్లో కంటే శిలీంధ్రాల్లో ఎక్కువ నిష్పత్తిలో ఉంటాయి. శిలీంధ్రాన్ని తిన్న మొక్కలో ఆ ముద్ర కనబడుతుంది. అడవి నీడలో పెరిగే కొన్ని పచ్చని ఆర్కిడ్లలో అది స్పష్టంగా కనబడింది. ఎండ దొరికినంత వరకు ఆకుతో వండుకుని, చాలనిది శిలీంధ్రం దగ్గర తీసుకుంటున్నాయి. యూరప్‌లోని సెఫలాంథీరా ఆర్కిడ్లలో అప్పుడప్పుడు పత్రహరితం ఏ మాత్రం లేని తెల్లటి మొక్కలు పుడతాయి. వరిలోనో మొక్కజొన్నలోనో అలాంటి తెల్ల మొలక వారం పది రోజుల్లో చస్తుంది. ఇవి మాత్రం బతికి, మళ్ళీ మరుసటి ఏడూ మొలుస్తాయి. పచ్చని ఆర్కిడ్‌కూ తెల్లని మోనోట్రోపాకూ మధ్య గోడ లేదని, మెట్లు మాత్రమే ఉన్నాయని ఇవి చూపిస్తున్నాయి. అలాగని ఆర్కిడ్లన్నీ దొంగలనీ అనకూడదు. గుడియెరా రిపెన్స్ అనే చిన్న ఆర్కిడ్ ఎదిగాక తన శిలీంధ్రానికి కార్బన్ తిరిగి ఇస్తోందని 2006లో బ్రిటన్ శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. బాల్యంలో తిన్న బాకీని అది తీరుస్తోంది.

మొదట్లో పూతికాహారం తప్పన్నాను కదా, అందులో ఒక పాక్షిక సత్యం ఉంది, అదీ చెప్పాలి. చెట్టుతో పొత్తున్న శిలీంధ్రాన్ని కాకుండా, నిజంగానే కట్టెను కుళ్ళబెట్టే శిలీంధ్రాన్ని పట్టుకున్న ఆర్కిడ్లు కొన్ని ఉన్నాయి. చైనా వైద్యంలో తియెన్మా పేరుతో వాడే గాస్ట్రోడియా ఎలాటా వాటిలో పేరున్నది. దానికి ఆకు లేదు, సరైన వేరూ లేదు, బంగాళాదుంపంత దుంప మాత్రం ఉంటుంది. విత్తనం మొలవడానికి మైసినా అనే శిలీంధ్రం, దుంప ఊరడానికి ఆర్మిలేరియా అనే మరో శిలీంధ్రం కావాలి. ఆర్మిలేరియా తోటల్లో చెట్లను చంపే పేరుమోసిన తెగులు. చైనా రైతులు కట్టె దుంగలకు దాన్ని పట్టించి, ఆ దుంగలను నేలలో పాతి, పక్కన తియెన్మా పెడతారు. అంటే వాళ్ళు సాగు చేస్తున్నది శిలీంధ్రాన్ని, కోస్తున్నది మొక్కను. ఇక్కడ తిండి చచ్చిన కట్టె నుంచే వస్తోంది. కానీ కుళ్ళబెట్టేది శిలీంధ్రం, మొక్క దాని వంట తింటోంది.

అడవిలో చెట్లు శిలీంధ్రాల ద్వారా మాట్లాడుకుంటాయని, తల్లి చెట్టు పిల్లలకు పాలిచ్చినట్టు చక్కెర పంపుతుందని ఈ మధ్య విరివిగా వినబడుతోంది. 1997లో కెనడా శాస్త్రవేత్త సుజాన్ సిమార్డ్, బర్చ్ నుంచి డగ్లస్ ఫర్ మొలకలకు కార్బన్ చేరిందని చూపించిన ప్రయోగం దీనికి మూలం. ప్రయోగం గొప్పదే. కానీ దాని మీద కట్టిన మేడ పునాది కంటే పెద్దదైంది. ఆ కార్బన్ శిలీంధ్రపు దారినే వెళ్ళిందా, మట్టిలోని నీటి ద్వారా వెళ్ళిందా అన్నది విడదీయడం కష్టం. చేరింది కూడా మొలక ఎదుగుదలకు ఎంత అక్కరకొచ్చిందన్నది వేరే ప్రశ్న. 2023లో జస్టిన్ కార్స్ట్, ఆమె సహచరులు ఈ అంశంపై వచ్చిన పరిశోధనలన్నీ తిరిగి పరిశీలించి, జనంలో ప్రచారమైన మాటలకు అడవిలో దొరికిన ఆధారాలు చాలవని రాశారు. చెట్ల మధ్య మమకారం గురించి నేను ఏ మాటా ఇవ్వను. ఒక పచ్చని మొక్క ఎండలో చేసిన ఆహారం శిలీంధ్రం గుండా మరో మొక్కకు చేరి దాన్ని బతికిస్తుందా అంటే మాత్రం అనుమానం అక్కరలేదు. మోనోట్రోపా బతికి ఉండడమే సాక్ష్యం.

ఇలా పచ్చని మొక్క, శిలీంధ్రం, ఆకు లేని మొక్క ముగ్గురూ కలిస్తేనే సాగే బతుకు ఎంత పెళుసుదో షికాగో కథ చెబుతుంది. 1912లో నార్మా ఫైఫర్ అనే విద్యార్థిని ఆ నగరం శివార్లలోని పచ్చిక నేలలో, మోనోట్రోపాలాగే శిలీంధ్రం మీద బతికే గోరంత తెల్లటి మొక్కను కనిపెట్టింది. దానికి తిస్మియా అమెరికానా అని పేరు పెట్టారు. దాని దగ్గరి బంధువులంతా వేల మైళ్ళ దూరంలో ఉన్నాయి. 1916 తర్వాత అది మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఆ నేల మీద పరిశ్రమలు లేచాయి. ఎందరు ఎన్నిసార్లు వెతికినా ఫలితం లేకపోయింది.

పశ్చిమ ఆస్ట్రేలియాలో 1928లో ఒక రైతు భూమిలో బయటపడిన రైజాంథెల్లా గార్డ్‌నెరి అనే ఆర్కిడ్ పరిస్థితి కొంత నయం. అది మొగ్గ తొడగడం, పూయడం కూడా నేల కిందే. దాని హరితరేణువుల్లో మామూలు మొక్కలకు ఉండే వందకు పైగా జన్యువుల్లో 37 మాత్రమే మిగిలాయి. కిరణజన్యసంయోగక్రియకు సంబంధించినవి పోయి, కణం బతకడానికి తప్పనిసరైనవి నిలిచాయి. ఎండలోకి తిరిగి రాలేనంత దూరం వెళ్ళిపోయిన మొక్క అది. దాని శిలీంధ్రం మెలల్యూకా అనే పొద వేళ్ళతో ముడిపడి ఉంది. గోధుమ సాగు కోసం ఆ పొదలను నరికేయడంతో ఆర్కిడ్ ఇప్పుడు విడివిడి ముక్కలుగా మిగిలిన కొన్ని చోట్లకే పరిమితమైంది. దాన్ని మరో చోట నిలబెట్టాలంటే విత్తనం ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు. ముందు మెలల్యూకాను నాటాలి, దాని వేళ్ళకు శిలీంధ్రం పట్టాలి, ఆ తర్వాతే విత్తనం. అందుకే పెర్త్‌లోని కింగ్స్ పార్క్ శాస్త్రవేత్తలు ఆ ప్రాంతపు ఆర్కిడ్ల విత్తనాలతో పాటు వాటి శిలీంధ్రాలను కూడా ద్రవ నత్రజనిలో భద్రపరుస్తున్నారు.